58 సీసీ చైన్ సా రివ్యూ: కోత సంగతి తర్వాత, ముందు బ్రేక్ చూద్దాం

నమస్కారం. ఈ బల్ల మీద ఉన్నది 58 సీసీ పెట్రోల్ చైన్ సా, అంటే చెట్లు కోసే మోటారు రంపం. దీని బార్, అంటే చైన్ చుట్టూ తిరిగే పొడవాటి రేకు, 22 అంగుళాలు. వ్యవసాయ పనిముట్ల దుకాణాల్లో వరుసగా కనిపించే రకమే. రంగూ స్టిక్కరూ మారతాయి గానీ లోపలి సరుకు దాదాపు ఒకటే. అందుకే పేరు మీద టేపు అంటించాను. ఎంత లావు దుంగను ఎన్ని సెకన్లలో కోస్తుందో చూపించే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. నేను చూడబోయేది ఒకటే: ఇది కోసేవాడి మీదకు తిరగబడితే ఆపడానికి ఇందులో ఏముంది?

బార్ కొన దగ్గరగా చూడండి. కొనలో పై పావు భాగాన్ని సుద్దముక్కతో గీశాను. ఇంజన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు చైన్ సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగెడుతుంది. అప్పుడు ఈ సుద్ద గీసిన చోటు పక్క కొమ్మకు తగిలిందనుకోండి. పళ్లు చెక్కలో ఇరుక్కుంటాయి, చైన్ కదలదు, ఆ విసురంతా మిషన్‌ను వెనక్కి లేపుతుంది. వచ్చేది నేరుగా ముఖం మీదకు, మెడ మీదకు. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. గట్టిగా పట్టుకుంటే ఏమీ కాదని చెప్పే వస్తాదులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మీరు పట్టు బిగించాలని అనుకునేలోపే అది వచ్చేస్తుంది.

ముందు పిడి దగ్గరున్న ఈ రెక్కను చాలామంది చేతికి పొట్టు తగలకుండా పెట్టిన అడ్డు అనుకుంటారు. అది చైన్ బ్రేక్. మిషన్‌ను నేల మీద గట్టిగా అదిమి పట్టి, పూర్తి వేగం ఇచ్చి, ఎడమ చేతి మణికట్టుతో రెక్కను ముందుకు తోస్తున్నాను. చూశారా, చైన్ అక్కడికక్కడే ఆగింది. రెండో పరీక్షకు ఇంజన్ ఆపాలి. వెనక పిడి మాత్రమే పట్టుకుని, బార్ కొన మొద్దు మీద పడేలా ముందు చేయి వదిలేస్తున్నాను. ఆ కుదుపుకు రెక్క దానంతట అదే పడాలి. కొత్త మిషన్‌లో పడింది. తుమ్మ దుంగలు కోసి సాయంత్రం మళ్లీ చూస్తే మాత్రం మొరాయించింది. క్లచ్ కవర్ విప్పితే, నూనెకు తడిసిన పొట్టు బ్రేక్ పట్టీ చుట్టూ పిండిముద్దలా పేరుకుని ఉంది. పాత టూత్‌బ్రష్‌తో గీకాక టక్కున పడింది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఈ శుభ్రం చేసే పని గురించి ఒక్క ముక్క లేదు. దీనికి మార్కులు కోస్తున్నాను.

ఇక సరిగ్గా పనిచేస్తున్నవి. చైన్ తెగితే పట్టుకునే కొక్కెం ఉంది, కాకపోతే ప్లాస్టిక్‌ది. యాక్సిలరేటర్ లాక్ బాగుంది, అరచేయి ఆనకపోతే రేజ్ అవ్వదు. చైన్ ఆయిల్ అందుతోందా అన్నది అట్టముక్క మీదకు కొన చూపించి రేజ్ చేస్తే తెలుస్తుంది, సన్నటి నూనె గీత పడాలి. ఇదిగో, పడింది. పెట్రోల్‌లో 2టి ఆయిల్ లీటరుకు 40 మిల్లీలీటర్లు కలపమని దీని పుస్తకం చెబుతోంది. మీ మిషన్‌కు మీ పుస్తకమే ప్రమాణం.

పొట్టును కూడా ఒకసారి అరచేతిలోకి తీసుకోండి. చిన్న చిన్న పెళుకులుగా రాలితే చైన్ పదునుగా ఉన్నట్టు. పిండిలా రాలితే మొండిబారింది. మొండి చైన్‌తో కోసేవాడు మిషన్ మీద వాలి ఒత్తుతాడు, కోత పూర్తయిన క్షణంలో ఆ బరువంతా కాళ్ల వైపే జారుతుంది. గుండ్రటి ఆకురాయి కొనడానికి లోభించకండి.

లుంగీ, కండువా, హవాయి చెప్పులు వద్దు. జాలీ ఉన్న హెల్మెట్, చెవులకు మఫ్, గట్టి బూట్లు, తొడలకు చాప్స్, అంటే ప్యాంటు మీద కట్టుకునే రక్షణ తొడుగు, కావాలి. చాప్స్ లోపల పొడవాటి పోగుల పొరలుంటాయి. చైన్ తగలగానే ఆ పోగులు బయటకు ఊడివచ్చి, చైన్‌ను తిప్పే పళ్లచక్రమైన స్ప్రాకెట్‌కు చుట్టుకుని చైన్‌ను ఆపేస్తాయి. ఈ పెట్టెలో వచ్చినవి గీతలు పడే కళ్లద్దాలు, ఒక జత నూలు గ్లవ్స్. అంతే.

తుపాను తర్వాత పడిన చెట్లు కోయడానికి కొంటున్నామని కోస్తా నుంచి చాలామంది రాస్తున్నారు. 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖలో, 2018లో తిత్లీ తర్వాత ఉద్దానం కొబ్బరి తోటల్లో దారులు తెరవడానికి ఇవే వాడారు. అయితే పడిన చెట్టు నిలబడిన చెట్టు కంటే మోసకారి. విల్లులా వంగిన కొమ్మను బయటి వంపు మీద ఒక్కసారిగా కోస్తే దవడ పగిలేలా లేస్తుంది. లోపలి వైపు నుంచి కొద్దికొద్దిగా చెక్కుతూ బిగువు తగ్గించాలి. వేళ్లతో సహా పెకలిన చెట్టయితే, మాను కోయగానే వేళ్ల మొద్దు గోతిలోకి తిరిగి లేచి కూర్చోవచ్చు. ఆ గోతిలో ఎవరూ ఉండకూడదు. కరెంటు తీగ తగులుకుని ఉంటే విద్యుత్ సిబ్బంది వచ్చేదాకా మిషన్ సంచిలోనే ఉంచండి.

కొనాలా? మామిడి తోటలో కొమ్మలు సరిచేసుకునే రైతుకు ఇది అక్కర్లేదు. 30 సీసీ చుట్టుపక్కల ఉండి, 14 లేదా 16 అంగుళాల బార్ ఉన్నది చాలు. బరువు తక్కువ కాబట్టి చేతులు త్వరగా అలిసిపోవు. రోజూ సరుగుడు, జామాయిల్ కోసే కూలీలకైతే ఇది పనికొస్తుంది, చాప్స్ డబ్బు కూడా ధరలో కలుపుకుని లెక్కవేస్తేనే. అద్దెకు తెచ్చుకునేవారు ఆ రెండు బ్రేక్ పరీక్షలూ దుకాణం ముందే చేయించండి. చేయనివ్వకపోతే మిషన్ అక్కడే వదిలి వచ్చేయండి.