సిగ్నల్ అందినా సర్వర్ ఎందుకు ఆగలేదు?

[తెరపై: రెండు టెర్మినళ్లు, ఒకదానిలో సర్వర్ నడుస్తోంది]

ఈ సర్వర్ కొత్త కనెక్షన్ల కోసం సెలెక్ట్ అనే సిస్టమ్ కాల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగమైన కెర్నల్‌కు పని అప్పజెప్పే పిలుపులో, ఎదురుచూస్తోంది. పక్క టెర్మినల్ నుంచి ‘ఇక ముగించు’ అని చెప్పే సిగ్‌టర్మ్ సిగ్నల్ పంపితే, దాన్ని అందుకునే ఫంక్షనైన హ్యాండ్లర్ నడిచి ‘ఆగాలి’ అన్న ఫ్లాగ్‌ను 1 చేస్తుంది, సెలెక్ట్ ‘సిగ్నల్ అడ్డొచ్చింది’ అని చెప్పే ఈఇంటర్ ఎర్రర్‌తో మధ్యలోనే తిరిగొస్తుంది, ప్రోగ్రామ్ ఫ్లాగ్ చూసుకుని పద్ధతిగా ముగుస్తుంది. వందసార్లు పరీక్షించినా ఇలాగే జరగవచ్చు.

[తెరపై: రెండు లైన్ల కోడ్, మధ్యలో ఎర్ర గీత]

చిక్కంతా ఈ గీత దగ్గరే ఉంది. పై లైను ఫ్లాగ్‌ను పరీక్షిస్తుంది, అది 0 అయితే కింది లైను సెలెక్ట్‌ను పిలుస్తుంది. సరిగ్గా ఆ సందులో సిగ్నల్ వస్తే హ్యాండ్లర్ ఫ్లాగ్‌ను మార్చి వెళ్లిపోతుంది. కానీ పరీక్ష అప్పటికే అయిపోయింది, సెలెక్ట్ ఇంకా మొదలే కాలేదు. ఇక టైమౌట్ పెట్టని సర్వర్ ఏదో ఒక క్లయింట్ వచ్చి తలుపు తట్టేదాకా నిద్రపోతూనే ఉంటుంది. రాత్రంతా ఎవరూ రాకపోతే తెల్లవార్లూ అంతే.

సిగ్నల్‌ను ముందే బ్లాక్ చేసి, అంటే హ్యాండ్లర్‌దాకా రాకుండా ఆపి ఉంచి, సెలెక్ట్‌కు కాస్త ముందు అన్‌బ్లాక్ చేద్దామని ఎవరికైనా తోస్తుంది. అలా చేస్తే సందు ఒక లైను కిందికి జరుగుతుందే గానీ పూడదు. మాస్క్‌ను, అంటే బ్లాక్ చేసిన సిగ్నళ్ల జాబితాను, మార్చడాన్నీ నిద్రలోకి జారడాన్నీ కెర్నల్ ఒకే పనిగా చేయాలి. పీసెలెక్ట్ అనే సిస్టమ్ కాల్ చేసేది అదే: చివరి ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చిన, ఆ సిగ్నల్‌ను బ్లాక్ చేయని మాస్క్‌ను ఎదురుచూసినంతసేపే అమలుచేసి, తర్వాత పాతదాన్ని తిరిగి పెడుతుంది. అందువల్ల ముందే బ్లాక్ చేసి ఉంచిన సిగ్నల్ పెండింగ్‌లో ఉంటే, పీసెలెక్ట్ నిద్రపోకుండా వెంటనే ఈఇంటర్‌తో వెనుదిరుగుతుంది.

లైనక్స్‌కు ఈ సిస్టమ్ కాల్ 2006లో, 2.6.16 కెర్నల్‌తో గానీ రాలేదు. అంతకు ముందు లైనక్స్ సి లైబ్రరీ అయిన జీలిబ్‌సీ పీసెలెక్ట్ పేరుతో ఇచ్చిన ఫంక్షన్ లోపల మాస్క్ మార్చే సిగ్‌ప్రాక్‌మాస్క్‌నూ సెలెక్ట్‌నూ పక్కపక్కన పేర్చింది. అంటే, ఏ జబ్బుకు వాడతామో అదే జబ్బున్న మందు అన్నమాట.

[తెరపై: పైపు బొమ్మ, అందులో ఒక బైట్]

అందుకే చాలామంది పైపును, అంటే ఒక కొసన రాసింది మరో కొసన చదివే దారిని, నమ్ముకున్నారు. హ్యాండ్లర్ పైపులో ఒక బైట్ రాస్తుంది, సెలెక్ట్ సాకెట్లతోపాటు ఆ పైపునూ గమనిస్తుంది. సిగ్నల్ ఏ సందులో వచ్చినా బైట్ మాత్రం చదివేదాకా అక్కడే ఉంటుంది. అయితే పైపు రెండు కొసలనూ నాన్‌బ్లాకింగ్‌గా, అంటే పని కుదరకపోతే ఎదురుచూడకుండా వెంటనే తిరిగొచ్చేలా, పెట్టడం మరవకూడదు, లేకుంటే పైపు నిండిన రోజున హ్యాండ్లరే అందులో రాయలేక ఇరుక్కుపోతుంది.