తక్కువ డబ్బుతో మొదటి డీఎస్ఎల్ఆర్: సగం డబ్బు లెన్స్ కోసం దాచండి

[తెర మీద పక్కపక్కన రెండు ఫొటోలు. ట్యూబ్‌లైటు కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న ఒక పెద్దావిడ.]

ఈ రెండు ఫొటోలూ మా అమ్మమ్మవి. రాత్రి ఒకటే, గది ఒకటే, కెమెరా కూడా ఒకటే. ఎడమ వైపు ఫొటో చూడండి. ముఖం మీద ఇసుక చల్లినట్టు రవ్వరవ్వగా ఉంది. కుడి వైపు ఫొటోలో ఆమె వేళ్ల మీది ముడతలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. ఈ రెండింటి మధ్య నేను మార్చింది లెన్స్ ఒక్కటే. ఆ కెమెరా 2013 నాటి నమూనా, ఒకరు వాడి అమ్మేసినది.

డీఎస్ఎల్ఆర్ అంటే లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకోగలిగే కెమెరా. మొదటి డీఎస్ఎల్ఆర్ కొనాలని రూపాయి రూపాయి కూడబెట్టినవారు చాలామంది ఆ డబ్బంతా బాడీకే, అంటే లెన్స్ కాకుండా కెమెరాకే, పెట్టేస్తారు. లెన్స్ తరువాత చూద్దాంలే అనుకుంటారు. ఆ ‘తరువాత’ ఒక్కోసారి రెండేళ్లయినా రాదు. ఈలోగా ఇంట్లో తీసిన ఫొటోలు ఫోను ఫొటోల కంటే మెరుగ్గా లేవని కెమెరాను బీరువాలో పెట్టేస్తారు. మీకు అలా జరగకూడదు.

[తెర మీద: కిట్ లెన్స్, 50 ఎంఎం లెన్స్ పక్కపక్కన. రెండింటినీ ముందు నుంచి చూపాలి.]

కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే లెన్స్‌ను కిట్ లెన్స్ అంటారు. సాధారణంగా 18 నుంచి 55 ఎంఎం వరకు జూమ్ అవుతుంది. పగటి వెలుతురులో ఇది మంచి లెన్సే, దీన్ని తీసిపారేయకండి. కానీ 55 ఎంఎం దగ్గర దీని అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ 5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. పక్కనున్న ఈ చిన్న 50 ఎంఎం లెన్స్‌కు జూమ్ లేదు, కానీ ఎఫ్ 1.8 వరకు తెరుచుకుంటుంది. అంకె తగ్గే కొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. 5.6ను 1.8తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ దానితోనే గుణించండి. దాదాపు పది వస్తుంది. అంటే పది రెట్ల వెలుతురు.

ఈ పది రెట్లు ఫొటోలో ఎలా కనిపిస్తాయో చెబుతాను. రాత్రి పూట మామూలు గదిలో, కదిలే చేతులు చెదరకుండా ఉండాలని షట్టర్ (వెలుతురును లోపలికి వదిలే తలుపు) వేగాన్ని 125వ వంతు సెకనుకు పెట్టాను. కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ, అంటే అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, 6400 దాకా వెళ్లాల్సి వచ్చింది. ఎడమ ఫొటోలోని రవ్వలకు కారణం అదే. 50 ఎంఎం లెన్స్‌తో అదే వేగానికి ఐఎస్ఓ 640 సరిపోయింది. ఎంత ఖరీదైన బాడీ కొన్నా ఇంత తేడా రాదు.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. మీ దగ్గర 30,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. బాడీకి 15,000 దాటనివ్వకండి. మిగిలిన సగంలోనే లెన్స్, ఒక మంచి మెమరీ కార్డు, చివరలో చెప్పబోయే ఒక డబ్బా రావాలి. ఈ లెక్కలో కొత్త కెమెరా రాదు. అందుకే వాడిన కెమెరా కొనమంటున్నాను, ధైర్యంగా చెబుతున్నాను.

ధైర్యానికి కారణం ఉంది. నికాన్ డి5300 అనే కెమెరా 2013లో వచ్చింది. అందులో 24 మెగాపిక్సెళ్ల సెన్సర్, అంటే వెలుతురును ఫొటోగా మార్చే పలక, ఉంది. అదే సంస్థ 2018లో తెచ్చిన డి3500లోనూ, అదే ఏడాది వచ్చిన కెనాన్ 1500డిలోనూ ఉన్నవి 24 మెగాపిక్సెళ్లే. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది. పెళ్లి ఆల్బమ్‌లో 12కు 18 అంగుళాల పుటను అంగుళానికి 300 చుక్కల చొప్పున నాణ్యంగా ముద్రించడానికి 3600కు 5400 చాలు. ఇంకా మిగులుతుంది.

2018లో కెనాన్, నికాన్ రెండూ పెద్ద సెన్సర్ మిర్రర్‌లెస్ కెమెరాలు, అంటే లోపల అద్దం లేనివి, తెచ్చాక కొత్త ఆవిష్కరణలు ఎక్కువగా అటు వెళ్లాయి. చాలామంది ఫొటోగ్రాఫర్లు పాతవి అమ్మి కొత్త వాటికి మారుతున్నారు. వారి చేతుల్లో బాగా బతికిన కెమెరాలు అందుకే ఇప్పుడు మనకు అందుబాటు ధరకు వస్తున్నాయి. లెన్స్‌కు పెట్టిన డబ్బు కూడా వృథా కాదు. రేపు మీరు మిర్రర్‌లెస్‌కు మారినా, ఫోకస్ మోటారు తనలోనే ఉన్న నేటి డీఎస్ఎల్ఆర్ లెన్స్ అదే సంస్థ అడాప్టర్‌తో (రెండింటినీ కలిపే రింగుతో) ఆటోఫోకస్ సహా పనిచేస్తుంది.

[తెర మీద: బల్ల మీద నాలుగు పాత కెమెరాలు.]

ఏ బాడీ? ముందు ఏమి తీస్తారో చెప్పండి. వీడియో కూడా తీసేవారైతే కెనాన్ 200డి వెతకండి. 2017 నాటిది. తిరిగే తాకుతెర ఉంది, బయటి మైకుకు రంధ్రం ఉంది, తెర మీద చూస్తూ తీసేటప్పుడు కూడా ఫోకస్ త్వరగా, మెత్తగా పడుతుంది. మైకు రంధ్రం 1500డిలోనూ, డి3500లోనూ లేదు. వంట వీడియోలు, పాఠాలు చెప్పాలనుకునేవారు దీన్ని మొదటే గమనించాలి. ఫొటోలు మాత్రమే తీసేవారికి డి5300 చాలా ఇచ్చే కెమెరా. బరువు మోయడానికి వెనుకాడనివారు, పక్షుల వెంట, ఆటల వెంట తిరిగేవారు నికాన్ డి7100 దొరికితే వదలకండి. 51 ఫోకస్ బిందువులు, రెండు డయళ్లు, ప్రకాశవంతమైన వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) ఉన్నాయి. కెనాన్ 3000డి మాత్రం ఎంత చవకగా వచ్చినా నేను వద్దంటాను. లెన్స్ బిగించే చోట లోహానికి బదులు ప్లాస్టిక్ ఉంది. మాటిమాటికీ లెన్సులు మార్చమని నేను మీకు చెబుతున్నప్పుడు ఆ కెమెరాను ఎలా సిఫారసు చేయను?

నికాన్ తీసుకునేవారు ఒక విషయం తెలుసుకోవాలి. డి3000, డి5000 వరుసల కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు, అది లెన్స్‌లో ఉండాలి. లెన్స్ మీద ‘ఏఎఫ్-ఎస్’ అని ఉంటే మోటారు ఉన్నట్టు. ‘ఏఎఫ్’ అని మాత్రమే ఉండి చివర ‘డి’ అక్షరం ఉన్న పాత 50 ఎంఎం చవకగా దొరుకుతుంది. డి7100 మీద అది చక్కగా పనిచేస్తుంది. డి5300 మీద మాత్రం చేత్తో తిప్పుకోవాల్సిందే. ‘ఏఎఫ్-పి’ అని ఉన్న లెన్సులు డి3200, డి5100 వంటి పాత బాడీల మీద ఫోకస్ కావు. కెనాన్‌తో ఈ చిక్కు లేదు. 1987లో లెన్స్ బిగించే ఈఎఫ్ అమరిక వచ్చినప్పటి నుంచి ఆటోఫోకస్ మోటారు లెన్స్‌లోనే ఉంటోంది.

[తెర మీద: ఒక హాలు. గోడకు ఆనుకుని నిలబడి ఫొటో తీస్తున్న దృశ్యం.]

అందరూ 50 ఎంఎం కొనమంటారు. నేను మీ ఇంటి హాలు కొలవమంటాను. పెద్ద సెన్సర్ కెమెరాలతో పోలిస్తే ఈ కెమెరాల సెన్సర్ చిన్నది కాబట్టి 50 ఎంఎం లెన్స్ దృశ్యాన్ని మరింత దగ్గరగా కత్తిరించినట్టు చూపిస్తుంది. కెనాన్ మీద ఒక మనిషిని తల నుంచి పాదాల దాకా తీయాలంటే దాదాపు 14 అడుగులు వెనక్కి జరగాలి. చిన్న ఫ్లాటులో అంత చోటు ఎక్కడిది? గోడ అడ్డు వస్తుంది. ముఖాల ఫొటోలకు, ఆరుబయటికి అది అద్భుతమైన లెన్స్. ఇంట్లో పిల్లల్ని తీయడానికైతే నికాన్ వారికి 35 ఎంఎం ఎఫ్ 1.8 ఉంది, తొమ్మిది పది అడుగులు చాలు. కెనాన్ వారికి బిళ్లంత పలుచని 24 ఎంఎం ఎఫ్ 2.8 ఉంది. వెలుతురు కొంచెం తగ్గినా గది మొత్తం పడుతుంది.

పక్షులంటే ఇష్టమున్నవారికి ఈ లెక్క వేరు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుల్లో కొంగలు, గూడబాతులు గట్టుకు చాలా దగ్గరలోనే గూళ్లు కడతాయి. అక్కడ పగటి పూట వాడిన 55-250 ఎంఎం లెన్స్‌తోనే మంచి ఫొటోలు వస్తాయి. కొల్లేరులో దూరంగా ఉన్న పక్షికి అది చాలదు. కాబట్టి మొదటి ఏడాది ఉప్పలపాడు లాంటి చోట్లకు వెళ్లండి.

ఇప్పుడు అసలైన పని, వాడిన కెమెరాను పరీక్షించడం. హైదరాబాద్‌లో కోఠి, అబిడ్స్ దుకాణాల్లో కొన్నా, మరో వ్యక్తి దగ్గర నేరుగా కొన్నా పగలే వెళ్లండి. మీతో నాలుగు వస్తువులు ఉండాలి. ఒక మెమరీ కార్డు, ఒక దినపత్రిక, ఒక తెల్ల కాగితం, లైటు వెలిగే ఫోను.

[తెర మీద: లెన్స్ వెనుక నుంచి ఫోను లైటు వేస్తున్న చేయి.]

లెన్స్‌తో మొదలుపెట్టండి. రెండు మూతలూ తీసి, వెనుక నుంచి ఫోను లైటు వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. నాలుగైదు ధూళి రేణువులు కనిపిస్తే భయపడకండి, అవి ఫొటోలో కనిపించవు. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే మాత్రం అది ఫంగస్, అంటే బూజు. ధర ఎంత తగ్గించినా లేచి వచ్చేయండి. నేను కొన్న మొదటి జూమ్ లెన్స్‌కు ఈ పరీక్ష చేయలేదు. అమ్మిన వ్యక్తి సాయంత్రం పూట, దీపం సరిగ్గా లేని చోట చూపించాడు. బయటి గాజు తళతళలాడుతోందని తీసుకున్నాను. మూడు నెలల తరువాత ఎండకు ఎదురుగా తీసిన ఫొటోలన్నీ పాలు కలిపినట్టు తెల్లబారాయి. లోపలి గాజు అంతా దారాలే. మరమ్మతుకు అడిగిన డబ్బుతో మరో లెన్స్ వచ్చేది. ఆ డబ్బు నాకు ఇంట్లో వాళ్లు ఇచ్చింది. అందుకే ఈ ఒక్క పరీక్ష దగ్గర ఇంతసేపు ఆగాను.

తరువాత సెన్సర్. అపర్చర్‌ను ఎఫ్ 16కు పెట్టి, ఫోకస్ కావాలని తప్పించి, తెల్ల కాగితాన్ని ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. మసక మచ్చలు ధూళి అయి ఉండవచ్చు, శుభ్రం చేయిస్తే పోతాయి. గీత కనిపిస్తే పోదు.

ఫోకస్ కోసం దినపత్రికను బల్ల మీద పరచి, ఏటవాలుగా వంగి, మధ్యలో ఒక శీర్షిక మీద ఫోకస్ పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. ఒకసారి వ్యూఫైండర్‌లో చూస్తూ, ఒకసారి తెర మీద చూస్తూ తీయాలి. రెండింటిలోనూ ఆ శీర్షికే స్పష్టంగా ఉండాలి. తెర మీద సరిగ్గా వచ్చి, వ్యూఫైండర్‌తో ముందు లైనో వెనుక లైనో స్పష్టంగా వస్తే లోపలి ఫోకస్ అమరిక తప్పినట్టు.

షట్టర్ ఎన్నిసార్లు పడిందో తప్పక అడగండి. డి3500 షట్టర్‌ను లక్ష సార్లకు, డి7100 షట్టర్‌ను లక్షన్నర సార్లకు పరీక్షించి విడుదల చేశారు. ఆ అంకె దాటగానే ఆగిపోతుందని కాదు, కానీ లక్ష దాటిన బాడీకి ధర బాగా తగ్గాలి. నికాన్‌లో మీ కార్డులోకి తీసిన ఫొటో ఫైలులోనే ఈ సంఖ్య ఉంటుంది, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చదవవచ్చు. కెనాన్ మొదటి స్థాయి కెమెరాల్లో సాధారణంగా కేబుల్ కలిపి చూడాల్సి ఉంటుంది. బ్యాటరీ ఉబ్బి ఉందేమో బయటికి తీసి చూడండి. కార్డు పెట్టే చోట పిన్నులు వంగలేదని, ఫ్లాష్ వెలుగుతోందని, అన్ని బటన్లూ పనిచేస్తున్నాయని చూడటానికి రెండు నిమిషాలు చాలు.

బాడీ మీద ఉన్న సీరియల్ నంబరు, బిల్లు మీది నంబరు ఒకటే కావాలి. బిల్లు లేకపోతే అమ్మే వ్యక్తి నుంచి నంబరుతో సహా రాతపూర్వకంగా తీసుకోండి. దొంగిలించిన కెమెరా మీ చేతికి రాకుండా మీకున్న రక్షణ అదే. ‘ఉచితంగా’ ఇచ్చే సంచి, సన్నని ట్రైపాడ్, ఫిల్టర్‌ల కోసం ధర పెంచనివ్వకండి. అవి వద్దని, వాటి విలువ తగ్గించమని అడగండి. చాలాసార్లు తగ్గిస్తారు.

[తెర మీద: వంటింట్లో వాడే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా. అందులో లెన్స్, సిలికా జెల్ పొట్లాలు, చిన్న తేమ మీటరు.]

ఇందాక చెప్పిన డబ్బా ఇదే. మీ లెన్స్‌కు ఫంగస్ పట్టకుండా ఆపేది దీనికి పెట్టే కొన్ని వందల రూపాయలే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉన్నవారు కెమెరా కొన్న రోజే దీన్నీ కొనాలి. తేమ మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపించాలి. అరవై దాటితే తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు మార్చండి. వానలో తిరిగి వచ్చిన రోజు కెమెరాను వెంటనే ఇందులో మూయకండి. పొడి గుడ్డతో తుడిచి, లెన్స్ విడదీయకుండా రాత్రంతా ఫ్యాను గాలికి ఉంచి, మర్నాడు ఉదయం డబ్బాలో పెట్టండి.