ఎంఆర్‌ఐ గదిలోకి పంపే ముందు ఏం అడగాలి?

నమస్కారం. ఎంఆర్‌ఐలో కొత్తగా డ్యూటీకి చేరిన టెక్నీషియన్ల కోసం ఈ వీడియో. స్కాన్ తీయడం గురించి ఇవాళ చెప్పను. తలుపు బయట పేషెంటుతో మాట్లాడాల్సిన మాటలే చెప్తాను.

స్కాన్ నడవకపోయినా, రాత్రి సెంటర్ మూసేసినా, అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. అయస్కాంతం బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. 1.5 టెస్లా మెషిన్ అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 30 వేల రెట్లు. 2018 జనవరిలో ముంబైలో బంధువుకు తోడుగా వచ్చిన ఒక యువకుడు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని లోపలికి వెళ్లాడు. మెషిన్ సిలిండర్‌ని లాగేసుకుంది, అతని ప్రాణం పోయింది. స్కాన్ అతనికి కాదు, చూశారా? అందుకే తోడు వచ్చినవాళ్లనీ, వార్డు బాయ్‌నీ కూడా ఇవే ప్రశ్నలు అడగాలి.

"ఒంట్లో మెటల్ ఏమైనా ఉందా?" అంటే చాలామంది "లేదండీ" అనేస్తారు. మోకాలి చిప్ప మార్పించుకున్న పెద్దాయన కూడా అదే అంటారు. ఆయన లెక్కలో అది ఆపరేషన్, మెటల్ కాదు. కాబట్టి ఇలా అడగండి: "అమ్మా, తలకి ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా? గుండెకి మెషిన్ పెట్టారా? స్టెంట్ వేశారా? చెవిలో మెషిన్ ఉందా? కాలికో చేతికో రాడ్డు ఉందా?" దేనికైనా ఊ అంటే డిశ్చార్జి కాగితాలు, ఇంప్లాంట్ కార్డు తెప్పించండి. ఇప్పుడు వేసే స్టెంట్లకీ, టైటానియం రాడ్లకీ సాధారణంగా ఇబ్బంది ఉండదు. పేస్‌మేకర్, మెదడులో రక్తనాళానికి వేసిన క్లిప్పు అలా కాదు. మోడల్ తెలిసి, రేడియాలజిస్టు సరే అనేదాకా తలుపు తీయొద్దు, బయట ఎవరెంత తొందరపెట్టినా.

ఏం పని చేస్తారో కూడా అడగండి. వెల్డింగ్, లేత్, గ్రైండింగ్ చేసేవాళ్ల కంట్లో ఎప్పుడో పడిన ఇనుప రవ్వ ఉండిపోవచ్చు. అది కదిలితే చూపుకే ప్రమాదం. అనుమానం వస్తే ముందు కళ్లకి ఎక్స్‌రే.

ఇక నగలు. గొడవంతా ఇక్కడే! బంగారాన్ని అయస్కాంతం లాగదు, నిజమే. కానీ గొలుసు కొక్కెంలో ఏం కలిసిందో మనకి తెలీదు, పైగా లోహం వేడెక్కి చర్మం కాలొచ్చు. తాళి తీయమని అప్పటికప్పుడు చెప్తే పెద్దవాళ్లు బాధపడతారు. అపాయింట్‌మెంట్ ఇచ్చిన రోజే, పసుపుతాడు కట్టుకుని రమ్మని చెప్పండి. బిగిసిపోయిన మెట్టెలు సబ్బునీళ్లతో వచ్చేస్తాయి. మొలతాడుకున్న వెండి బిళ్ల, తాయెత్తు, జడ పిన్నులు, చీర పిన్నీసు, ఒంటికి అంటించుకునే మందు ప్యాచ్‌లు బట్టల చాటున ఉండిపోతాయి. అందుకే అందరికీ గౌను వేయించండి.

గర్భం ఉందా అని అడగడం, కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనబడటానికి ఇచ్చే ఇంజెక్షన్) ఇచ్చేటట్టయితే క్రియాటినిన్ రిపోర్టు, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, చూడటం ఎలాగూ ఫారంలో ఉంటాయి, దాటేయకండి.

తలుపు దగ్గర ఇంకోసారి అడగండి. "అవునండీ, చిన్నప్పుడు తలకి ఏదో ఆపరేషన్..." అని చాలాసార్లు అప్పుడే గుర్తొస్తుంది. అలా అంటే స్కాన్ ఆపి, మళ్లీ కాగితాల దగ్గరికి రండి.