షవర్ గోడకు వాటర్‌ప్రూఫింగ్: 14 నెలలు వాడాక నా రివ్యూ

నమస్తే అండి. ముందు ఈ గోడ చూడండి. ఇది మా అమ్మ గది. గోడకు అవతల బాత్రూమ్. 14 నెలల కిందట ఇక్కడ మోకాలి ఎత్తు దాకా పెయింట్ పొక్కులు లేచిపోయి, చెయ్యి రాస్తే తెల్లగా పొడి రాలేది. ఈ గోడకు ఆనించిన బీరువాలో అమ్మ పట్టుచీరలకు బూజు పట్టింది. అవి చూసి అమ్మ ఏమీ అనలేదు. ఒక్కొక్కటీ తీసి ఎండలో ఆరేసింది. నాకు మాత్రం చాలా బాధేసింది. అప్పటికే రెండుసార్లు గీకించి పెయింట్ వేయించాం. ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ పొక్కులు.

చెమ్మ వచ్చేది బాత్రూమ్ వైపు నుంచైతే ఇటు ఎన్ని పెయింట్లు వేసినా ఏం లాభం చెప్పండి? అందుకే అటువైపు టైల్స్ అన్నీ పీకించి, కొత్త షవర్ పెట్టిస్తూ, గోడకు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించాను. ఆ కోటింగ్ ఎలా ఉందో చెప్పడానికే ఈ వీడియో.

నేను వాడింది రెండు భాగాలుగా వచ్చే యాక్రిలిక్ సిమెంట్ కోటింగ్. డబ్బాలో పాలలాంటి ద్రవం, సంచిలో పొడి వస్తాయి. డాక్టర్ ఫిక్సిట్ పిడిఫిన్ 2కె, ఫోస్రాక్ బ్రష్‌బాండ్, సికాటాప్ సీల్ 107, ఇవన్నీ ఇదే కోవ. వేసే పద్ధతి దాదాపు ఒకటే కాబట్టి కంపెనీల పోలికలోకి వెళ్లడం లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను: కోటింగ్ బాగా పనిచేసింది. కానీ కింద గోడ సరిగా లేకపోతే ఇది కూడా మనల్ని కాపాడదు. అందుకని ఈ వీడియోలో కోటింగ్ కన్నా గోడ గురించే ఎక్కువ మాట్లాడతాను.

టైల్స్ ఉన్నాయి కదా, నీళ్లు లోపలికి ఎలా పోతాయి అని చాలామంది అడుగుతారు. నేనూ అలాగే అనుకున్నాను. టైల్ నీళ్లు పీల్చకపోవచ్చు, కానీ రెండు టైల్స్ మధ్య పూసిన మామూలు సిమెంట్ గ్రౌట్ పీలుస్తుంది. మా పాత టైల్స్ పీకాక అసలు సంగతి బయటపడింది. ఒక్కో టైల్‌కు నాలుగు మూలల్లో, మధ్యలో ముద్దలు ముద్దలుగా మాలు పెట్టి అంటించారు. మిగతా అంతా బోలు. ఆ బోలులోకి దిగిన నీళ్లు ఆరే దారి లేక ఇటుకలోకి ఇంకాయి. పైగా ఇది నాలుగున్నర ఇంచుల గోడ. పైపుల కోసం అందులో గాడి కొడితే ఇక మిగిలేది ఎంత? వేడి, చల్ల నీళ్లను షవర్‌కో కుళాయికో మళ్లించే డైవర్టర్ కూర్చున్న చోట అమ్మ గదికీ నీళ్లకీ మధ్య ఉన్నది పల్చటి ఇటుక పెచ్చే.

కొత్త పైపులు వేశాక గాడి పూడ్చేద్దామని మేస్త్రీ గారు తొందరపడ్డారు. నేను ఒప్పుకోలేదు. ప్లంబర్ గారితో చేతి పంపు పెట్టించి, పైపుల్లో నీళ్ల ప్రెషర్ ఎక్కించి రాత్రంతా ఉంచాం. పొద్దున మీటర్ ముల్లు కదలకుండా అక్కడే ఉంది, అంటే లీకు లేదు. ఆ తర్వాతే గాడి పూడ్చి, దాని మీద కోళ్ల జాలీ కొట్టి ప్లాస్టరింగ్ చేశారు. జాలీ లేకపోతే కొత్త మాలు, పాత గోడ కలిసే గీత వెంబడి పగులు వస్తుంది. ప్లాస్టరింగ్ మాలులో కలిపే వాటర్‌ప్రూఫింగ్ ద్రవానికి డబ్బా మీద ఐఎస్ 2645 అనే భారతీయ ప్రమాణం నంబరు ఉందో లేదో చూడండి. నేను వాడినదాన్ని 50 కిలోల సిమెంట్ బస్తాకు 200 మిల్లీలీటర్లు కలపాలి. ఎక్కువ పోస్తే ఎక్కువ లాభం ఏమీ ఉండదు. ప్లాస్టరింగ్ అయ్యాక దాని మీద ఏడు రోజులు నీళ్లు కొట్టాం.

కొత్త అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఒక మాట. మీ గోడలు తెల్లటి ఏఏసీ బ్లాకులైతే, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంట్ బ్లాకులైతే, బ్లాకు గోడ కాంక్రీట్ పిల్లర్‌ను కలిసే చోట జాలీ తప్పకుండా కొట్టించండి. బాత్రూమ్ లోపల జిప్సం ప్లాస్టర్ మాత్రం అసలు వద్దు. తడి తగిలితే అది మెత్తబడిపోతుంది.

ఇప్పుడు కోటింగ్. గోడను ముందు తడపాలి, కానీ నీళ్లు కారుతూ ఉండకూడదు. గోడ, నేల కలిసే మూలను మాలుతో వంపు తిప్పించాం. ఆ వంపు మీద, నిలువు మూలల్లో, పైపు బయటికి వచ్చే చోట్ల మొదటి కోటు పచ్చిగా ఉండగానే ఫైబర్ మెష్ అద్దాం. మొదటి కోటు అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా. అలా వేస్తే ఒక కోటులో వదిలేసిన చోటు రెండోదాంట్లో కప్పుకుపోతుంది. షవర్ ఉన్న గోడకు ఏడడుగుల ఎత్తు దాకా వేయించాను. అడుగు ఎత్తు చాలని మేస్త్రీ గారు అన్నారు. మిగతా గోడలకు అది సరే. తలమీద నుంచి నీళ్లు పడే గోడకు ఎలా సరిపోతుంది?

దీంట్లో నాకు నచ్చనిది ఒకటి ఉంది. కలిపిన కాసేపటికే చిక్కబడుతుంది. చిక్కబడగానే పనివాళ్లు చెయ్యి నీళ్ల బకెట్ వైపు పోనిస్తారు. నీళ్లు పోస్తే పొర బలహీనపడుతుంది. కొంచెం కొంచెంగా కలుపుకోవడమే దారి. దగ్గర నిలబడి చూసుకోండి.

కోటింగ్ ఆరడానికి ప్యాకెట్ మీద రాసినన్ని రోజులూ ఆగి, నేలలో నీళ్లు పోయే నానీ ట్రాప్ మూసి, నేల మీద నీళ్లు నిలబెట్టాం. మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీశాను. తెల్లారేసరికి నీళ్లు గీతకు అర ఇంచు కిందికి దిగాయి. ఆ క్షణం ఎంత టెన్షన్ పడ్డానో! వెతికితే నానీ ట్రాప్ గొట్టం చుట్టూ సన్నటి సందు దొరికింది. దాన్ని తవ్వి, కుదించుకుపోని గ్రౌట్‌తో నింపి, మెష్ పెట్టి మళ్లీ కోటింగ్ వేశారు. ఈసారి 48 గంటలు ఉంచాం. గీత దగ్గరే ఉన్నాయి నీళ్లు. ఆ పరీక్ష చేయకుండా టైల్స్ వేసి ఉంటే కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్ తడిసేది. నీళ్లు నిలబెడితే నేల సంగతే తెలుస్తుంది కాబట్టి, షవర్ గోడ మీద పైపుతో గంటసేపు నీళ్లు కొట్టించి, ఇటువైపు చెయ్యి పెట్టి చూశాను. పొడిగానే ఉంది.

టైల్స్ మాత్రం సిమెంట్ పాలతో వేయించకండి. ఈ కోటింగ్ నున్నగా ఉంటుంది, దాని మీద పట్టు దొరకదు. టైల్ అడ్హెసివ్‌ను పళ్ల తాపీతో గోడంతా పరిచి అంటించాం. ఒక టైల్ వెంటనే పీకి, వెనకంతా అంటిందో లేదో చూశాం. షవర్ వైపు టైల్స్ మధ్య నీళ్లు పీల్చని ఎపాక్సీ గ్రౌట్, మూలల్లో సిలికాన్.

అన్నీ అయ్యాక ఇంకో గండం ఉంది. గ్లాస్ పార్టిషన్ బిగించే కుర్రాళ్లు వచ్చి డ్రిల్ పెడతారు. ఆ రంధ్రం టైల్‌నీ కోటింగ్‌నీ దాటి ఇటుకలోకి పోతుంది. మా ఇంట్లో ఆరు రంధ్రాలు పడ్డాయి. ఒక్కోదాంట్లో దుమ్ము ఊది, నిండా సీలెంట్ కొట్టి, ఆ తర్వాతే ప్లగ్గు, స్క్రూ బిగించమన్నాను. సబ్బు స్టాండుకు, టవల్ రాడ్‌కు కూడా అంతే.

ఇప్పుడు మళ్లీ అమ్మ గదిలోకి వద్దాం. ఇదిగో, దగ్గరగా చూపిస్తాను. రెండో వానాకాలం కూడా దాటింది, ఒక్క పొక్కు లేదు. బీరువాను గోడకు నాలుగు వేళ్లు ఎడంగా జరిపాను. పట్టుచీరలు మళ్లీ కింది అరలోకి వచ్చాయి.