ద్రాక్షను కడగకుండా ఎందుకు దాచాలి? పాడైందని ఎలా పోల్చుకోవాలి?

[దృశ్యం: నల్లద్రాక్ష గుత్తి. ఒక పండును వేలితో రుద్దితే తెల్లటి పొడి చెరిగి, తొక్క నిగనిగలాడుతుంది.]

వ్యాఖ్యానం: ఈ తెల్లటి పొడిని చూడగానే మందు చల్లారేమోనని చాలామంది గుత్తిని తెచ్చీ తేగానే కడిగేస్తారు. నిజానికి ఇది తొక్క మీద సహజంగా ఏర్పడే మైనపు పూత. పండులోని నీరు ఆవిరైపోకుండా కాపాడేది ఇదే. కడిగితే ఈ పూత కొంత పోతుంది, పైగా గుత్తి సందుల్లో తడి నిలిచిపోతుంది. బూజుకు కావలసింది ఆ తడే. అందుకే తినేముందు, తినేంత మేరకే కడగాలి.

[దృశ్యం: కత్తెరతో చిన్న కొమ్మను కత్తిరిస్తున్న చేయి.]

పండ్లను లాగి తెంపకండి. లాగితే తొడిమ దగ్గర తొక్క చిరిగి రసం ఊరుతుంది. కుళ్ళు అక్కడినుంచే మొదలవుతుంది. కొమ్మతో సహా కత్తిరించండి. చితికినవీ పగిలినవీ ముందే ఏరేయాలి. ఈ ఒక్క పని చేస్తే సగం శ్రమ తప్పుతుంది.

[దృశ్యం: ఫ్రిజ్ లోపలి భాగం.]

ద్రాక్షకు 0 డిగ్రీల సెల్సియస్, 90 నుంచి 95 శాతం గాలి తేమ సరిగ్గా సరిపోతాయి. ఇంటి ఫ్రిజ్‌లో అంత చల్లదనం దొరకదు కాబట్టి వెనకవైపు అర గానీ, కూరగాయల డ్రాయర్ గానీ వాడండి. రంధ్రాలున్న సంచిలో వదులుగా పెట్టాలి. గాలి ఆడని డబ్బాలో మూస్తే ఆవిరి నీటిచుక్కలుగా మారుతుంది. ఉల్లి, వెల్లుల్లి పక్కన పెడితే ఆ వాసన పట్టేస్తుంది. తాజా గుత్తి ఇలా వారం దాకా, బాగుంటే ఇంకొన్ని రోజులు నిలుస్తుంది. పుల్లగా ఉన్నవాటిని మాగబెడదామనుకోకండి. కోశాక ద్రాక్ష తియ్యబడదు.

[దృశ్యం: పచ్చని కాడ, గోధుమరంగు కాడ పక్కపక్కనే.]

పాతబడిందా లేదా అన్నది పండుకంటే ముందు కాడ చెబుతుంది. పచ్చగా, వంగేలా ఉంటే తాజా. ఎండి పుటుక్కున విరిగితే నీరు పోయిందని అర్థం. అలాంటి గుత్తిని ఎత్తి మెల్లగా కదిపితే పండ్లు రాలతాయి. కాస్త ముడతపడ్డ పండు ఎండుతోందే తప్ప కుళ్ళలేదు. వాసన బాగుంటే తినొచ్చు.

[దృశ్యం: బూడిదరంగు నూగు పట్టిన పండు, దగ్గరగా.]

వేలితో నొక్కగానే తొక్క జారి ఊడిపోతే, అది బొట్రైటిస్ అనే బూజు పని. ఫ్రిజ్‌లోనూ ఆగదు, నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. తర్వాత బూడిదరంగు నూగు వస్తుంది. ఆ పండునూ, దానికి తగిలి ఉన్నవాటినీ తీసేయండి. గుత్తంతా పాకితే మొత్తం పారేయడమే. వెనిగర్ వాసనో సారా వాసనో వస్తున్నా, రసం కారి జిగటగా ఉన్నా రుచి చూడొద్దు. పులిసిపోయింది.

[దృశ్యం: పళ్ళెంలో విడివిడిగా పరిచిన పండ్లు.]

ఎక్కువ మిగిలితే కడిగి, పూర్తిగా తుడిచి, పళ్ళెంలో ఒక్క వరసగా ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక సంచిలో వేయండి. కరిగితే మెత్తబడిపోతాయి, గడ్డకట్టినవే తినాలి. చిన్నపిల్లలకు మాత్రం అలా ఇవ్వొద్దు, గొంతులో ఇరుక్కుంటాయి.