తెర మసకబారినప్పుడు
(విశాఖపట్నంలో ఒక కాలనీ గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ వేళప్పుడు బీచ్ రోడ్డులో చల్లగాలికి కూర్చోవలసినవారు కంప్యూటర్ గోల వినడానికి ఇంతమంది వచ్చారంటే, మీ ఇళ్లలో ఏదో జరిగే ఉంటుంది. ఏం జరిగిందో చివర్లో చెప్పండి. ముందు నా తప్పొకటి ఒప్పుకుంటాను.

ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేయడం నా పని. 2007లో విండోస్ విస్టా వచ్చింది. అంతకుముందు ఎక్కడ చూసినా విండోస్ ఎక్స్‌పీయే. ఎక్స్‌పీ ఎక్కించేటప్పుడు తయారయ్యే ఖాతా అడ్మినిస్ట్రేటర్ ఖాతాగానే ఉండేది. అంటే ఆ ఖాతాలో నడిచే ప్రోగ్రాము పాటలు వినిపించేదైనా, పేకాట ఆడించేదైనా, విండోస్ లోపలి భాగాల దాకా వెళ్లి ఏదైనా మార్చేయగలదు. అడిగే నాథుడు లేడు. విస్టా అడగడం మొదలుపెట్టింది. ప్రింటర్ పెట్టుకోవాలన్నా, గడియారం సరిచేయాలన్నా తెర మసకబారి, నడుమ ఒక పెట్టె వచ్చి 'అనుమతిస్తారా?' అనేది. దాని పేరు యూజర్ అకౌంట్ కంట్రోల్, పొట్టిగా యూఏసీ.

జనం విసిగిపోయారు. నాకు ఫోన్లు వచ్చేవి: 'బాబూ, ఇది మాటిమాటికీ అడుగుతోంది, కాస్త నోరు మూయించు.' నేను వెళ్లేవాణ్ని. రెండు నిమిషాల్లో యూఏసీ ఆపేసి, వాళ్లిచ్చిన కాఫీ తాగి, ఇక అడగదు లెండి అని వచ్చేసేవాణ్ని. అలా ఎన్ని ఇళ్లలో చేశానో లెక్క లేదు. అది సేవ అనుకున్నాను.

కొన్నేళ్ల తరవాత సీతమ్మధారలో ఒక లెక్కల మాస్టారి ఇంటికి వెళ్లాను. విండోస్ 7. యూఏసీ ఆపి ఉంది. ఆపింది నేనే. మనవడు వేసవి సెలవులకు వచ్చి, డబ్బు కట్టకుండా ఆడుకునే ఆట ఒకటి ఎక్కడినుంచో దింపుకున్నాడు. ఆటతోపాటు మరొకటి వచ్చింది. అది యాంటీవైరస్‌ను ఆపేసింది. కంప్యూటర్ వెలిగిన ప్రతిసారీ తనంతట తాను లేచేలా ఒక సర్వీసుగా కుదురుకుంది. నేను తీసేస్తే మళ్లీ మొలిచింది. చివరికి మొత్తం తుడిచి కొత్తగా విండోస్ ఎక్కించవలసి వచ్చింది. మాస్టారు ఒక్క మాటే అడిగారు: 'ఇదంతా చేసేటప్పుడు అది ఎవరినీ అడగదా?' అడిగేదే మాస్టారూ, అడగకుండా నేనే చేశాను అని చెప్పడానికి నోరు రాలేదు. ఇవాళ మీ ముందు చెబుతున్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఈ ఊళ్లో నాకు నెలల తరబడి పని. తడిసినవి, కరెంటు వచ్చినప్పుడు కాలినవి. కొత్తగా విండోస్ ఎక్కించిన ప్రతి ఇంట్లోనూ 'ఆ పెట్టె రాకుండా చూడు' అన్నారు. ఈసారి మాత్రం కాఫీ తాగాను కానీ యూఏసీని ముట్టుకోలేదు.

ఇంతకీ ఆ పెట్టె అడుగుతున్నదేమిటి? చాలామంది 'ఇది నా కంప్యూటరే, నన్నెందుకు అడుగుతుంది' అని నొచ్చుకుంటారు. ఈ సభలో స్టీల్‌ప్లాంటులోనో, రిఫైనరీలోనో, షిప్‌యార్డులోనో పనిచేసి రిటైరైనవారు ఉన్నారు, వారికి నేను చెప్పవలసిన పని లేదు. వెల్డింగ్ మొదలుపెట్టాలంటే హాట్ వర్క్ పర్మిట్ ఉండాలి. ఏ చోట, ఏ పని, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని అందులో రాసి ఉంటుంది. పని కాగానే పర్మిట్ మూసేయాలి. మీరు ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న ఇంజనీరు అయినా సరే, పర్మిట్ లేకుండా నిప్పు వెలిగించరు. అక్కడ మీ హోదాను ఎవరూ శంకించడం లేదు, ఈ పనికి ఇప్పుడు అధికారం వాడాలా వద్దా అన్నదే ప్రశ్న. యూఏసీ పెట్టె కూడా ఒక పనికి ఇచ్చే పర్మిట్టే.

లోపల జరిగేది దాదాపు ఇదే. మీరు అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లోపలికి వెళ్లగానే విండోస్ మీ పేరున రెండు టోకెన్లు, అంటే ఏమేం చేయవచ్చో చెప్పే చీటీలు, తయారుచేస్తుంది. ఒకటి పూర్తి అధికారాలున్నది. రెండోది ఆ అధికారాలు తీసేసిన మామూలుది. మీ డెస్క్‌టాప్, మీ బ్రౌజర్, మీ వర్డ్ అన్నీ ఆ మామూలు టోకెన్‌తోనే నడుస్తాయి. ఏదైనా ప్రోగ్రాము విండోస్ ఫోల్డర్‌లోనో, ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనో, విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో యంత్రమంతటికీ వర్తించే భాగంలోనో రాయాలంటే పూర్తి టోకెన్ కావాలి. అప్పుడే పెట్టె వస్తుంది. మీరు ఒప్పుకుంటే ఆ ఒక్క ప్రోగ్రాముకే ఆ టోకెన్ అందుతుంది. దాన్ని మూసేస్తే పర్మిట్ చెల్లిపోతుంది. బొమ్మల మీద, బటన్ల మీద చిన్న డాలు గుర్తు కనిపిస్తుందే, ఇది నొక్కితే పర్మిట్ అడుగుతానని ముందుగా చెప్పే గుర్తు అది.

తెర మసకబారడం అందం కోసం కాదు. ఆ క్షణంలో విండోస్ మిమ్మల్ని వేరే డెస్క్‌టాప్ మీదికి తీసుకెళుతుంది. కింద నడుస్తున్న మామూలు ప్రోగ్రాములు అక్కడికి చేయి చాపలేవు. మీ బదులు 'ఎస్' నొక్కలేవు.

ఇక ఆ పెట్టెను చదవడం. నొక్కడం అందరికీ వచ్చు, చదివేవాళ్లు తక్కువ. మొన్న ఒకావిడ ఇంట్లో పక్కన కూర్చుని చూశాను. ఆవిడకు ప్రింటర్ డ్రైవర్, అంటే ప్రింటర్‌ను నడిపించే ప్రోగ్రాము, కావాలి. వెతికారు. పైన వచ్చిన మొదటి లింకు ఒక ప్రకటన, అదే నొక్కారు. ఫైలు దిగింది. రెండుసార్లు నొక్కారు. తెర మసకబారింది. ఆవిడ వేలు 'ఎస్' మీదికి వెళుతుంటే, ఒక్క నిమిషం ఆగండమ్మా అన్నాను. పెట్టె పై పట్టీ పసుపురంగులో ఉంది. ప్రచురణకర్త అన్నచోట 'తెలియదు' అని ఉంది. ఫైలు ఎక్కడిది అంటే ఇంటర్నెట్ నుంచి దింపినది అని ఉంది. అంత పెద్ద ప్రింటర్ కంపెనీ తన డ్రైవర్ మీద డిజిటల్ సంతకం కూడా పెట్టకుండా వదులుతుందా? 'నో' నొక్కించి, ప్రింటర్ అట్టపెట్టె మీదున్న కంపెనీ చిరునామాకే వెళ్లి దింపించాను. ఈసారి వచ్చిన పెట్టెకు నీలం పట్టీ, ప్రచురణకర్తగా ఆ కంపెనీ పేరు. అయితే నీలం పట్టీ కనబడగానే కళ్లు మూసుకుని నొక్కమని కాదు. సంతకం ఫలానావాడిదేనని మాత్రమే నీలం చెబుతుంది. ఆధార్ కార్డు ఉన్నవాడల్లా మంచివాడా?

పట్టీ రంగు కంటే ముందు చూసుకోవలసినది ఇంకొకటి ఉంది: ఈ పెట్టె నేను చేసిన పనికే వచ్చిందా? మీరు డాలు గుర్తు నొక్కితే, ఏదైనా ఎక్కిస్తుంటే, రావడం సహజం. ఊరికే వార్తలు చదువుతుంటే వచ్చిందా, 'నో'. ఒకవేళ అది నిజంగా అవసరమైనదే అయితే మళ్లీ అడుగుతుంది, కొంప మునగదు.

ఫోన్లో ఎవరో 'సార్, మీ ఖాతా ఆగిపోయింది, నేను చెప్పిన యాప్ పెట్టుకోండి' అంటారు. మీ తెర వాళ్లకు కనబడుతుంది, మౌస్ కూడా వాళ్ల చేతికి వెళుతుంది. ఆ యాప్ మామూలు టోకెన్‌తో నడుస్తున్నంతసేపూ వాళ్లు ఈ మసక తెర దాటలేరు. అందుకే అంతసేపూ తామే మౌస్ కదిలించినవాళ్లు ఒక్కసారి మాత్రం 'మీరు ఎస్ నొక్కండి సార్' అని బతిమాలతారు. ఆ మాట వినబడగానే ఇంటర్నెట్ తీగ పీకేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఇప్పుడు మీకు కాస్త చేదు మాట. యూఏసీ కాపాడలేనివి ఉన్నాయి, వాటిలో మీకు అన్నిటికంటే ప్రియమైనవీ ఉన్నాయి. మీ అమ్మాయి పెళ్లి ఫొటోలు, ఇంటి లెక్కలు మీ సొంత ఫోల్డర్లో ఉంటాయి. వాటిని మార్చడానికి, తుడిచేయడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాబట్టి మీ పేరున నడిచే దొంగ ప్రోగ్రాముకూ అక్కర్లేదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ ఒక్క పెట్టె కూడా చూపించకుండా మీ ఫొటోలన్నీ బిగించేయగలదు. దానికి మందు వేరే హార్డ్ డిస్కులో నకలు పెట్టుకుని, పని కాగానే తీగ తీసి బీరువాలో పెట్టడమే.

2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ లోకమంతా తిరిగింది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని, వాటిలో విశాఖ కూడా ఉందని అప్పుడు పత్రికలు రాశాయి. అది ఒక యంత్రంనుంచి మరో యంత్రానికి విండోస్‌లోని లోపం గుండా దూరింది, ఎవరి అనుమతీ అడగలేదు. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. విండోస్ 10కి మామూలు మద్దతు, అంటే ఇలాంటి అప్‌డేట్లు ఇవ్వడం, 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ ఇంట్లో ఇంకా అదే ఉంటే ఆ సంగతి ఇవాళే ఆలోచించండి.

అయితే ఇంట్లో ఏం చేయాలి? యూఏసీ సెట్టింగులో పైకీ కిందికీ జరిపే మీటకు నాలుగు మెట్లు ఉంటాయి, 2009లో విండోస్ 7తో వచ్చినవి. మామూలుగా పైనుంచి రెండో మెట్టు మీద ఉంటుంది. ఆ మెట్టు మీద విండోస్ సొంత ప్రోగ్రాములు కొన్ని అడగకుండానే పూర్తి టోకెన్ తీసుకుంటాయి. ఆ వెసులుబాటునే దొంగలు దొడ్డిదారిగా వాడుకుంటారు. పై మెట్టుకు జరపండి. పెట్టెలు కొంచెం ఎక్కువ వస్తాయి, అంతే.

ఇంకా మంచిది, రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతానే వాడకపోవడం. ప్రతి ప్రోగ్రాముకూ, ప్రతి మనిషికీ పనికి సరిపడా అధికారమే ఉండాలని కంప్యూటర్ శాస్త్రవేత్తలు జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లోనే రాశారు. ఇప్పటికీ మన ఇళ్లలో ఎనిమిదో తరగతి పిల్లాడికి కూడా పూర్తి అధికారమే. నేనైతే నా సొంత ల్యాప్‌టాప్‌లో స్టాండర్డ్ యూజర్‌ని, అంటే అడ్మినిస్ట్రేటర్ అధికారాలు లేని మామూలు ఖాతావాణ్ని. అప్పుడు పెట్టె 'ఎస్'తో సరిపెట్టుకోదు, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు కొట్టమంటుంది. వేలు జారినంత సులువుగా పాస్‌వర్డు జారదు.

క్రమం మాత్రం తప్పకండి. ముందు సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్లి కొత్త ఖాతా ఒకటి చేయండి. దాని రకాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చండి. పాస్‌వర్డు పెట్టండి. పాత ఖాతానుంచి బయటికి వచ్చి, కొత్తదాంట్లోకి ఒకసారి వెళ్లి చూడండి. తలుపు తెరుచుకున్నాకే, అక్కడినుంచి మీ పాత ఖాతాను స్టాండర్డ్‌గా మార్చండి. మీ ఫైళ్లు, డెస్క్‌టాప్ ఎక్కడివక్కడే ఉంటాయి. కొత్తది పనిచేస్తోందో లేదో చూడకుండా పాతదాన్ని దించారా, ఇంటికి తాళం వేసి తాళంచెవి లోపల వదిలేసినట్టే. అప్పుడు నాకు ఫోన్ చేస్తారు, నేను కాఫీ తాగుతాను, మీకు సాయంత్రం వృథా.

పాస్‌వర్డు కాగితం మీద రాయకూడదని చాలామంది చెబుతారు. ఆఫీసులో అయితే ఒప్పుకుంటాను. ఇంట్లో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు నెలకోసారి కూడా వాడరు, మరిచిపోతారు. కాగితం మీద రాసి, కవరులో పెట్టి, ఇంటి దస్తావేజులున్న బీరువాలో పెట్టండి. ఇంటర్నెట్‌లో వచ్చే దొంగ మీ బీరువా తెరవలేడు. పిల్లలకు ఎవరి స్టాండర్డ్ ఖాతా వారికి ఇవ్వండి. ఒకరి ఫోల్డర్లోకి మరొకరు తొంగిచూడలేరు.

మ్యాక్, ఉబుంటు వాడేవారు నవ్వుతున్నారు, కనబడుతోంది. మీకూ ఇదే కథ. అక్కడ సర్వాధికారాలున్న రూట్ ఖాతా మొదటినుంచీ మూసి ఉంటుంది, మీ పాస్‌వర్డు కొట్టి సుడో అనే ఆజ్ఞతో ఒక్క పనికి అధికారం తీసుకుంటారు. ఎవరో బ్లాగులో పెట్టిన ఆజ్ఞను అర్థం కాకుండా అతికించి పాస్‌వర్డు కొడితే, నీలం పట్టీ, పసుపు పట్టీ అని హెచ్చరించే పెట్టె కూడా మీకు రాదు.

ల్యాప్‌టాప్ తెచ్చినవారు ముందు వరుసలోకి రండి, ఖాతాలు ఇప్పుడే చేసుకుందాం. చార్జర్లు పెట్టుకునే చోటు ఆ అల్మారా పక్కన ఉంది. నేను మీ పక్కన నిలబడతాను, పాస్‌వర్డు మాత్రం నాకు చెప్పకండి. మీరు కొట్టేటప్పుడు నేను కిటికీ వైపు తిరుగుతాను.