రెండు పాయింట్ నలభై అయిదు

(కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాల కంప్యూటర్ విభాగం వార్షికోత్సవంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, వెనక వరసలో కూర్చుని తలుపు వైపు చూస్తున్న విద్యార్థులకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చెప్పి, ఒక్కొక్కరి గురించి రెండు మంచి మాటలు చెప్పడం మన జిల్లాల ఆచారం. మా ఊరి సభలో ఒకసారి ఆ ఆచారం పూర్తయ్యేసరికి కరెంటు పోయింది. అందుకని వదిలేస్తున్నాను. పెద్దలు మన్నించాలి.

ఆహ్వాన పత్రికలో నా అంశం 'జావా డైలాగ్ బాక్సుల్లో ఇన్‌పుట్, కాలం లెక్కల మార్పిడి' అని అచ్చు వేశారు. అంటే జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో, మనిషిని ఏదైనా అడగడానికి తెర మీద తెరిచే చిన్న పెట్టెల సంగతి. అదే చెబుతాను. కానీ నేను ఈ సభకు ఒప్పుకున్నది ఒక డ్రైవరు గురించి చెప్పడానికి. అతనికి నేను అన్యాయం చేశాను. ఇన్నాళ్లూ ఎక్కడా బయటికి చెప్పలేదు.

2011లో సార్వా కోతలు. మా మేనమామకు రెండు చైను మిషన్లు ఉండేవి. బురదలో దిగబడకుండా చక్రాలకు బదులు చైన్లతో నడిచే వరికోత యంత్రాలు. గంటకు ఇంత అని అద్దె. నేను అప్పుడే ఎంసీఏ పూర్తిచేసి వచ్చాను. "అల్లుడూ, ఇన్ని చదివావు కదా, ఈ లెక్కలు కంప్యూటర్‌లో పెట్టరాదూ" అన్నాడు మామయ్య. ఒక్క రాత్రిలో రాసేశాను. మూడు డైలాగ్ బాక్సులు: రైతు పేరు, ఎన్ని గంటలు, ఎన్ని లీటర్ల డీజిల్. చివర ఒక మెసేజ్ బాక్సులో మొత్తం సొమ్ము. ఇంట్లో అందరూ చుట్టూ చేరి చూశారు. మా అమ్మ దిష్టి తీసింది.

ఇక్కడ కాసేపు ఆగి పాఠం చెప్పాలి, లేకపోతే మీ హెచ్‌ఓడీ గారు నన్ను మళ్లీ పిలవరు.

జావా భాషను సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో విడుదల చేసింది. ఈ డైలాగ్ బాక్సులున్న స్వింగ్ లైబ్రరీ 1998లో జావాతో పాటే రావడం మొదలైంది. మీరు మొదటి నెలలోనే రాసే జేఆప్షన్‌పేన్ అందులోదే. షోఇన్‌పుట్‌డైలాగ్ అని పిలవగానే తెర మీద చిన్న పెట్టె వస్తుంది, ప్రోగ్రాము అక్కడ ఆగిపోతుంది. కాలువ లాకులో పడవ ఆగినట్టే. మనిషి ఏదో ఒకటి చెప్పేదాకా తలుపు తెరుచుకోదు. చెప్పాక చేతికి వచ్చేది ఎప్పుడూ అక్షరాల వరుసే, స్ట్రింగే. అవతలి మనిషి 12 అని కొట్టినా అది పన్నెండు కాదు, ఒకటి పక్కన రెండు. పన్నెండుకు అయిదు కలపమంటే 125 చూపించే ప్రోగ్రామును మీలో ఎంతమంది రాశారు? చేతులెత్తండి. అధ్యాపకులు కూడా ఎత్తవచ్చు.

అందుకే ఇంటీజర్ పార్స్‌ఇంట్ పెట్టి సంఖ్యగా మారుస్తాం. అది మహా పట్టుదల గల గుమాస్తా. ముందు ఒక ఖాళీ జాగా ఉన్నా ఒప్పుకోదు, 'ఇది సంఖ్య కాదు' అని తప్పు చెప్పే నంబర్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్ విసిరేస్తుంది. చుక్క ఉన్న దశాంశ సంఖ్యలుగా మార్చే డబుల్ పార్స్‌డబుల్ మాత్రం అటూ ఇటూ ఉన్న ఖాళీలను తుడిచేసుకుని తీసుకుంటుంది. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములకు రెండు రకాల బుద్ధులు. ఇంకో సంగతి, ఇది విని మీరు ఆనందించాలి: పార్స్‌ఇంట్‌కు తెలుగు అంకెలు తెలుసు. ౧౨ అని తెలుగులో కొట్టి చూడండి, నిక్షేపంగా పన్నెండు అంటుంది. మనవాళ్లకే ఆ అంకెలు రావు.

ఇక క్యాన్సిల్ నొక్కే మనిషి. ఏమీ రాయకుండా ఓకే నొక్కితే ఖాళీ స్ట్రింగు వస్తుంది. క్యాన్సిల్ నొక్కితే నల్ వస్తుంది, అంటే అసలు స్ట్రింగే లేదు. ఈ రెండూ ఒకటి కావు. మొదటిది 'ఏమి చెప్పాలో తెలియలేదు' అనడం, రెండోది 'నన్ను వదిలెయ్యి' అనడం. పార్స్‌ఇంట్‌కు నల్ ఇచ్చినా అదే నంబర్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్ వస్తుంది. మీరేమో ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకుని 'సరైన సంఖ్య ఇవ్వండి' అని మళ్లీ పెట్టె తెరిచే లూపు రాస్తారు. ఇక ఆ మనిషి క్యాన్సిల్ నొక్కిన కొద్దీ పెట్టె మళ్లీ వస్తూనే ఉంటుంది. సంక్రాంతికి కొత్త అల్లుడికి మన ఇళ్లల్లో వడ్డించినట్టు: చాలండీ అంటే ఇంకో అరిసె, వద్దండీ అంటే ఇంకో గరిట నెయ్యి. భోజనాల దగ్గర అది మర్యాద. ప్రోగ్రాములో అది నిర్బంధం. ముందు నల్ అవునో కాదో చూడండి, అయితే నమస్కారం పెట్టి పంపించండి. ఆ తరువాతే మార్పిడి.

ఇదంతా ఎర్ర అక్షరాలు తెచ్చే తప్పుల సంగతి. తెర కింద ఎర్రగా నాలుగు వరుసలు వస్తే అదృష్టవంతులు మీరు. నా తప్పు అలా రాలేదు.

డ్రైవరు దగ్గర ఒక చిన్న పుస్తకం ఉండేది. చేను కోయడం అయ్యాక అందులో రైతు పేరు, పక్కన 2.45 అని రాసేవాడు. రెండు గంటల నలభై అయిదు నిమిషాలు. అందరం అలాగే రాస్తాం. మీ ఆహ్వాన పత్రికలోనే '10.30 గంటలకు' అని ఉంది. సాయంత్రం మామయ్య కొడుకు ఆ పుస్తకం చూసి నా పెట్టెలో 2.45 అని కొట్టేవాడు. నా ప్రోగ్రాము దాన్ని డబుల్‌గా మార్చి, అరవైతో గుణించి, నిమిషాలు చేసేది. 2.45 ఇంటూ 60 ఎంత? 147. అంటే రెండు గంటల ఇరవై ఏడు నిమిషాలు. మనిషి పనిచేసింది 165 నిమిషాలు. పద్దెనిమిది నిమిషాలు ఆ చుక్కలో మునిగిపోయాయి. ఆ లెక్కన మీ పత్రిక ప్రకారం నేను ఇవాళ పది గంటల పద్దెనిమిది నిమిషాలకు రావాలి.

గంటకు 1,800 రూపాయలు అద్దె, అంటే నిమిషానికి ముప్పై. ఒక్క చేను మీద 540 రూపాయలు మామయ్యకు నష్టం. ఏ రైతూ అడగలేదు. తక్కువ పడితే ఎవరడుగుతారు? కానీ డీజిల్ పట్టుకుంది. గంటకు పది లీటర్లని మామయ్య లెక్క. మిషను నిజంగా తాగింది ఇరవై ఏడున్నర. నా కంప్యూటర్ గంటల ప్రకారం తాగాల్సింది ఇరవై నాలుగున్నర. మూడు లీటర్లు ఏమైనట్టు? రోజుకు మూడు చేలు కోస్తే ఆరేడు లీటర్లు ఏమైనట్టు? ఒక్క రోజైనా లెక్క అటువైపు తేలితే అనుమానం వచ్చేది. తేలదు. చుక్క తరువాత ఉన్న నిమిషాల్లో నూటికి నలభై వంతులు ప్రతిసారీ మాయమవుతాయి, ఎప్పుడూ తక్కువే.

"అల్లుడూ, నీ కంప్యూటర్ దొంగను పట్టింది" అన్నాడు మామయ్య. నాకు గర్వంగా అనిపించింది. ఇది దాచుకోను.

డ్రైవరు నా దగ్గరికి వచ్చాడు. వయసులో నాకంటే పదిహేనేళ్లు పెద్ద. "బాబుగారూ, ఒక్కసారి నా పుస్తకం చూడండి" అన్నాడు. చూశాను. పుస్తకంలో 2.45, కంప్యూటర్‌లో 2.45. "రెండూ సరిపోయాయి కదా, ఇంకేమిటి?" అన్నాను. అతను కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. మర్నాడు పనిలోకి రాలేదు. కోతల మధ్యలో, ఆకాశం మబ్బు పట్టి ఉన్న రోజున.

ఒక్క నిమిషం. నాకు చీటీ వచ్చింది. దీని మీద '5' అని ఉంది. అంతే. అయిదు నిమిషాలు మిగిలాయా, దాటాయా? లేక నేను అయిదో వక్తనా? చూశారా, నా కంటే బాగా మీ సభా నిర్వాహకులే పాఠం చెబుతున్నారు. ప్రమాణం లేకుండా సంఖ్య పంపితే అందుకున్నవాడు తనకు అనుకూలంగా అర్థం చేసుకుంటాడు. నేను 'ఇంకో అయిదు పేజీలు' అని చదువుకుంటున్నాను.

మన పంచాంగం చూడండి. ఘడియకు అరవై విఘడియలు, రోజుకు అరవై ఘడియలు. ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. తిథి ఘ. 12-30 అని ఉంటే ఏ పంతులుగారూ దాన్ని పన్నెండు పాయింట్ మూడు అని చదవరు. పన్నెండు ఘడియల ముప్పై విఘడియలు, అంటే పన్నెండున్నర ఘడియలు, సూర్యోదయం నుంచి సరిగ్గా అయిదు గంటలు. మా తాతగారు అరుగు మీద కూర్చుని ఈ మార్పిడి వేళ్ల మీద చేసేవారు. ఎంసీఏ చదివిన మనవడు చేయలేకపోయాడు.

సరే, ఎలా రాయాలి? గంటలకు ఒక పెట్టె, నిమిషాలకు ఒక పెట్టె పెట్టండి. నిమిషాలు 0 నుంచి 59 లోపు ఉన్నాయో లేదో చూడండి. ఒకే పెట్టె కావాలంటే ఆ వచ్చిన దాన్ని స్ట్రింగుగానే ఉంచి విడగొట్టండి. ఎందుకంటే డ్రైవరు 1.5 అని రాస్తే గంటా అయిదు నిమిషాలు కావచ్చు, 1.50 అంటే గంటా యాభై. డబుల్‌గా మార్చిన మరుక్షణం ఆ రెండూ ఒకటైపోతాయి, ఇక తవ్వినా దొరకవు. ఆ 1.5 గంటన్నర కూడా కావచ్చు. అక్కడ ఊహించకండి, అడగండి. విడగొట్టేటప్పుడు స్ప్లిట్‌కు ఉత్త చుక్క ఇస్తే అది మళ్లీ ముంచుతుంది. స్ప్లిట్ వాడే అక్షరాల నమూనాల్లో, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో చుక్కకు 'ఏ అక్షరమైనా సరే' అని అర్థం కాబట్టి ఖాళీ వరుస చేతిలో పెడుతుంది. సొమ్ము లెక్కలో ముందు గుణించి తరువాత భాగించండి. 165ను ముందే 60తో భాగిస్తే పూర్ణాంకాల్లో రెండే వస్తుంది, 3,600 రూపాయలు. ముందు 1,800తో గుణించి 60తో భాగిస్తే 4,950. నలభై అయిదు నిమిషాలు చడీచప్పుడూ లేకుండా పోయే దారి ఇదొకటి.

మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ అడిగితే ఇంకా మంచిదని కొందరంటారు. మంచిదే. కానీ మన డెల్టా సంగతి మీకు తెలుసు. మామూలు రోజుల్లో మంచు పడ్డాక కోయరు. నవంబరులో తుఫాను హెచ్చరిక వచ్చిందా, లైట్లు వేసుకుని రాత్రంతా కోస్తారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుఫానును చూసినవాళ్లు ఈ సభలో ఉన్నారు. రాత్రి 10.30కు దిగిన మిషను 1.15కు గట్టెక్కితే? అర్ధరాత్రి నుంచి నిమిషాల్లో 75లోంచి 1,350 తీసేస్తే మైనస్ 1,275. జావా దాన్ని మైనస్ 21 గంటల మైనస్ 15 నిమిషాలని చూపిస్తుంది. శేషం గుర్తు కూడా మైనస్సే దానికి. 1,440 కలపండి, లేదా శేషాన్ని మైనస్ కాకుండా ఇచ్చే మ్యాథ్ ఫ్లోర్‌మాడ్ వాడండి: 165. రెండు గంటల నలభై అయిదు. అవును, అదే అంకె. నాకు ఏ లెక్క చేసినా అదే వస్తోంది ఈ మధ్య.

2014లో వచ్చిన జావా 8లో గడియారం వేళకు లోకల్‌టైమ్, పట్టిన సమయానికి డ్యూరేషన్ అని వేరు వేరు రకాలు ఇచ్చారు. వాడండి. అయినా అర్ధరాత్రి దాటిందో లేదో వాటికి తెలియదు, మీరే చెప్పాలి.

నాకు ఎప్పుడు తెలిసిందంటే, రెండేళ్ల తరువాత. అప్పటికి పాఠాలు చెబుతున్నాను. ల్యాబ్‌లో నా పాత ప్రోగ్రామునే అభ్యాసంగా ఇచ్చాను. ఒకమ్మాయి 1.30 కొట్టి, లేచి నిలబడి, "సార్, గంటన్నర అంటే డెబ్బై ఎనిమిది నిమిషాలా?" అంది. నేను నల్లబల్ల వైపు తిరిగి చాలాసేపు ఏమీ రాయలేదు.

ఆ సాయంత్రమే మామయ్య దగ్గరికి వెళ్లాను. అంతా విని, "అయిన పెళ్లికి మేళమా?" అన్నాడు. డ్రైవరు భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద పనికి వెళ్లాడని ఊళ్లో చెప్పారు. వెళ్లాను. రెండు కాపలా పాకల్లో అడిగాను. ఒకచోట, ఉండేవాడు, మానేశాడు అన్నారు. ఒక ఫోను నంబరు ఇచ్చారు, అది పనిచేయలేదు.

అమ్మా, బాబూ, మీలో చాలామంది ఇళ్లల్లో చైను మిషను నడిపిన చెయ్యి ఒకటి ఉండే ఉంటుంది. మీ నాన్నో, బాబాయో, పక్కింటి మామయ్యో. 2011 కోతల్లో డీజిల్ మాట పడి పని మానేసిన మనిషి గురించి ఎవరైనా విని ఉంటే నాకు చెప్పండి. అతని పుస్తకంలో లెక్క సరిగ్గా ఉంది. నా దాంట్లోనే లేదు. ఆ మాట అతనికి చెప్పాలి. మామయ్య ఇప్పుడు లేడు కాబట్టి అది చెప్పవలసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను.

ఇంకో చీటీ వచ్చింది. 'పది నిమిషాలు దాటింది' అని రాశారు. ఈసారి ప్రమాణం కూడా ఉంది. కూర్చుంటున్నాను.